జవాబు ఆమోదయోగ్యం కాదు

1860 నవంబర్ 16న డ్రమండ్ అనే అధికారి భారతదేశపు మొట్టమొదటి ఆడిటర్ జనరల్‌గా బాధ్యతలు తీసుకున్నాడు. ఆ తేదీనే ఇప్పుడు ఆడిట్ దివస్‌గా జరుపుతున్నారు. సరిగ్గా నలభై రోజులకు, డిసెంబర్ 26న, హైదరాబాదు నిజాం అఫ్జలుద్దౌలాతో ఆయన్ని నియమించిన ఇంగ్లీషు ప్రభుత్వమే ఒక ఒడంబడిక రాసుకుంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా రాయచూరు సీమ నిజాం చేతికి తిరిగొచ్చింది ఆ కాగితంతోనే.

అంతకు ఏడేళ్ల ముందు ఈ సీమ బాకీ కింద చేతులు మారింది. కంటింజెంట్ పేరుతో ఇంగ్లీషువాళ్లు నడిపే సైన్యానికి నిజాం కట్టాల్సిన జీతాలు పేరుకుపోయాయి. వాటి కింద 1853 మేలో బేరారు, ధారాశివ్, రాయచూరు దోఆబ్ వాళ్ల పాలనలోకి వెళ్లాయి. ఏటా జమాఖర్చుల లెక్క చూపిస్తామని, మిగులుంటే నిజాంకు ముట్టజెబుతామని ఆనాటి ఒప్పందంలో ఉంది. 1860లో ఆ మాట మారింది. యాభై లక్షల బాకీ కొట్టేశారు. రాయచూరు, ధారాశివ్ వెనక్కిచ్చారు. సురపురం సంస్థానాన్ని అదనంగా కలిపారు. బేరారును మాత్రం తమ దగ్గరే ఉంచుకుని ఒక షరతు రాయించుకున్నారు. దాని రాబడి ఎంతో, ఖర్చు ఎంతో, జరిగిపోయిన కాలానికి గానీ, జరుగుతున్న కాలానికి గానీ, రాబోయే కాలానికి గానీ నిజాం లెక్క అడగడు. మిగులు ఎంతో తేల్చేది ఇంగ్లీషువాళ్లే.

సాలార్‌జంగ్ అంతటి దివాను బేరారు కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టినా అది తిరిగి రాలేదు. 1902లో కర్జన్ కాలంలో ఏడాదికి ఇరవై ఐదు లక్షలకు శాశ్వత కౌలు కింద వాళ్లకే పోయింది. మా నేల వెనక్కి వచ్చిన కాగితంలోనే లెక్క అడిగే నోరు మూతపడిన సంగతి తెలిసిన దగ్గర్నుంచి, ఆడిట్ అనే మాట నాకు గుమాస్తా పనిగా కనబడటం మానేసింది. లెక్క అడగొచ్చా, అడిగితే చెప్పి తీరాలా అన్నదే పాలనలో అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు మన రాజ్యాంగం ఇచ్చిన సమాధానంలో ఉన్న పనితనం గురించే ఈ వ్యాసం.

148 నుంచి 151 వరకు నాలుగే అధికరణలు. మేకు కొట్టకుండా ఒక చెక్కలోకి ఇంకో చెక్క దించి బిగించే వడ్రంగి పని చూసినవాళ్లు వీటిని తాపీగా చదవాలి. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ను, అంటే కాగ్‌ను, రాష్ట్రపతి తన సంతకంతో, ముద్రతో నియమిస్తారు. తీసెయ్యాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తీసేసే దారి తప్ప ఇంకో దారి లేదు. దుష్ప్రవర్తనో అసమర్థతో రుజువు కావాలి, పార్లమెంటు ఉభయ సభలూ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో కోరాలి. ఇప్పటిదాకా ఎవరినీ అలా తీసెయ్యలేదు. కూర్చోబెట్టాక జీతం తగ్గించడానికి వీల్లేదు. ఆయన కార్యాలయం నడిపే ఖర్చు నేరుగా సంచిత నిధి మీద పడుతుంది, దాని మీద సభలో ఓటు ఉండదు. కాబట్టి నివేదిక నచ్చని సర్కారు ఓటు బలంతో ఆయన బడ్జెట్ కోసెయ్యలేదు. పదవి దిగాక కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ ప్రభుత్వం కింద మరో ఉద్యోగం చెయ్యకూడదు. మనిషిని వంచడానికి ఉన్న దారులను ముందే లెక్కపెట్టుకుని, ఒక్కొక్కదానికీ ఒక్కొక్క గడియ పెట్టినట్టుంటుంది ఈ కూర్పు.

1971లో వచ్చిన చట్టం దీనికి చేతులు, కాళ్లు ఇచ్చింది. పదవీకాలం ఆరేళ్లు, లేదా అరవై ఐదేళ్ల వయసు, ఏది ముందైతే అది. పద్దెనిమిదో సెక్షన్ కింద లెక్కలుండే ఏ ప్రభుత్వ కార్యాలయంలోకైనా వెళ్లి తనిఖీ చెయ్యొచ్చు, ఏ పుస్తకమైనా తెప్పించుకోవచ్చు, ఏ ప్రశ్నయినా వెయ్యొచ్చు. ఇంత అధికారం ఇచ్చిన చట్టం, కాగితం ఇవ్వనన్న అధికారికి శిక్ష ఏమిటో మాత్రం రాయలేదు. ఇది లోపమే.

ఈ కూర్పులో ఇంకో లోపాన్ని పట్టుకున్నవాడు దాన్ని చెక్కిన శిల్పే. 1949 మే 30న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ మాట్లాడుతూ, బహుశా రాజ్యాంగం మొత్తంలో అతి ముఖ్యమైన అధికారి ఇతనేనన్నారు. ఇతని బాధ్యత న్యాయవ్యవస్థ బాధ్యత కన్నా పెద్దదని కూడా అన్నారు. ఆ వెంటనే, న్యాయమూర్తులకు ఇచ్చినంత స్వతంత్రత ఇతనికి ఇవ్వలేకపోయామని, సిబ్బంది విషయంలో సుప్రీంకోర్టుకున్న పట్టు ఇతనికి లేదని బాధపడ్డారు. తన పని గొప్పదని చెబుతూనే అందులో ఎక్కడ సందు మిగిలిందో వేలుపెట్టి చూపించడం పనితనం తెలిసినవాడి లక్షణం.

కానీ నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకునేది అధికరణలు కాదు, ఆడిట్ పేరా. కాగ్ కింద రాష్ట్రంలో పనిచేసే అకౌంటెంట్ జనరల్ (ఏజీ) ఆఫీసు నుంచి బృందం వస్తోందంటే జిల్లా కార్యాలయాల్లో బీరువాలు తెరుచుకుంటాయి, క్యాష్ బుక్కులు, వోచర్లు, టెండరు ఫైళ్లు, స్టాకు రిజిస్టర్లు, కొలతల పుస్తకాలు బల్ల మీదకి వస్తాయి. వచ్చినవాళ్లు గట్టిగా మాట్లాడరు. అనుమానం వచ్చిన చోట ఒక కాగితాన్ని నిలువునా సగానికి మడిచి, ఒక సగంలో ప్రశ్న రాసి ఇస్తారు. రెండో సగం ఖాళీ. అది ఆఫీసువాళ్ల జవాబుకు. దీన్ని హాఫ్ మార్జిన్ అంటారు. అడిగినవాడి చేతిరాత పక్కనే అడిగించుకున్నవాడి చేతిరాత ఉంటుంది, ఇద్దరిదీ ఒకే కాగితం, ఇద్దరికీ చెరిసగం చోటు. ఇంతకన్నా న్యాయమైన కాగితాన్ని నేను చూడలేదు.

జవాబుతో తేలిపోయిన ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి. తేలనివి తనిఖీ నివేదికలోకి ఎక్కుతాయి. వాటిలో బరువైనవి ముసాయిదా పేరాలుగా శాఖ కార్యదర్శికి వెళతాయి. అక్కడి నుంచీ జవాబు రావాలి. దాన్నీ కలుపుకున్నాకే పేరా అచ్చుకు వెళుతుంది. అంటే శాసనసభ బల్ల మీదికి వచ్చే పేరా అప్పటికే రెండు మూడుసార్లు ఎదురు ప్రశ్నలను తట్టుకుని నిలబడినదన్న మాట.

ఇప్పుడు ఆ పేరా లోపలి నిర్మాణం చూడండి. ఒక ఊహ చేద్దాం. మా జిల్లాలో మాన్వి వైపు ఎక్కడో ఒక పిల్లకాలువ తవ్వకం పనిలో గోల్‌మాల్ జరిగిందనుకుందాం. మనలాంటివాళ్లం రాస్తే కుమ్మక్కయ్యారు, దోచేశారు, దిగమింగారు అని రాస్తాం. ఆడిటర్ అలా రాయడు. అంచనాలో గట్టిరాతి తవ్వకం ఇన్ని ఘనపు మీటర్లని ఉంది అంటాడు. నేల పరీక్ష నివేదిక ప్రకారం అక్కడున్నది నల్లరేగడి అంటాడు. కొలతల పుస్తకంలో రాతి రేటుకే బిల్లు నమోదైంది అంటాడు. ఈ రేటుకూ ఆ రేటుకూ తేడా ఇంత, పరిమాణంతో హెచ్చవేస్తే అదనపు చెల్లింపు ఇంత అని ముగిస్తాడు. నాలుగు వాక్యాలు, ఒక్క విశేషణం లేదు. ప్రతి వాక్యం కిందా ఆ శాఖే తయారు చేసిన ఒక కాగితం ఉంది.

తర్వాత వచ్చే భాగం నాకు మరీ ఇష్టం. శాఖ చెప్పిన జవాబును కూడా పేరాలోనే, అదే అక్షరాల సైజులో అచ్చువేస్తారు. క్షేత్రస్థాయి పరిస్థితుల వల్ల రాయి తవ్వాల్సి వచ్చిందని ప్రభుత్వం తెలిపింది, అని. దాని కిందనే ఆ చిన్న వాక్యం ఉంటుంది: జవాబు ఆమోదయోగ్యం కాదు, ఎందుకంటే. ఈ 'ఎందుకంటే' తర్వాత వచ్చేదే ఆడిటర్ సత్తాకు పరీక్ష. అక్కడ కోపం పనికిరాదు, అనుమానం చాలదు. మూడు నెలల ముందు అదే ఇంజనీరు సంతకం చేసిన నివేదికలో రాయి ప్రస్తావనే లేదు, అని రాయగలిగితే పేరా నిలబడుతుంది, లేకపోతే పడిపోతుంది. అసలు జవాబే రాకపోతే ఫలానా నెలలో అడిగాం, ఇప్పటివరకు రాలేదు అని తేదీతో సహా రాసి ఊరుకుంటారు. ఆ మౌనం కూడా అచ్చులో ఉండిపోతుంది.

పదాల ఎంపికలోనూ ఇదే నిగ్రహం. తప్పించుకోగలిగి ఉండీ పెట్టిన ఖర్చు అయితే నివారించదగిన వ్యయం. సొమ్ము పోయి ఫలితం దక్కకపోతే నిష్ఫల వ్యయం. గుత్తేదారుకు ఇవ్వకూడనిది ఇస్తే అనుచిత లబ్ధి. మెత్తగా వినిపించే ఈ మాటలు ఫైలు ఎరిగినవాడికి చెంపదెబ్బలే. వీటన్నిటికీ కొలమానం ప్రభుత్వ ఆర్థిక నియమావళిలో ఉన్న ఒక పాత సూత్రం. ఒక మోస్తరు వివేకం గల మనిషి తన సొంత డబ్బును ఎంత జాగ్రత్తగా ఖర్చు పెట్టుకుంటాడో, ప్రజల డబ్బును అధికారి అంత జాగ్రత్తగా ఖర్చు పెట్టాలి. కూతురి పెళ్లికి లెక్క రాసుకునే మా సింధనూరు రైతుకు ఈ సూత్రం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ చూపు మా జిల్లాలో ఎంత దూరం వెళుతుందో రెండు ఉదాహరణలు చాలు. లింగసుగూరు తాలూకా హట్టిలో నేల అడుగు నుంచి బంగారం తీస్తున్న హట్టి గోల్డ్ మైన్స్ 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్‌గా పుట్టిన కంపెనీ, ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వానిది. కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో 1720 మెగావాట్ల రాయచూరు థర్మల్ కేంద్రాన్ని నడిపే కర్ణాటక పవర్ కార్పొరేషన్ కూడా ప్రభుత్వ కంపెనీయే. సింగరేణి బొగ్గు ఇక్కడికి వస్తుంది కాబట్టి గోదావరి తీరపు వాళ్లకూ దీనితో చుట్టరికం ఉంది. మామూలు కంపెనీలో లెక్కలు చూసే ఆడిటర్‌ను వాటాదారులు ఎంచుకుంటారు. ప్రభుత్వ కంపెనీలో వాటాదారు ప్రభుత్వమే గనక, ఆ ఎంపిక అధికారాన్ని చట్టం కాగ్‌కు ఇచ్చింది. ఫీజు కంపెనీ కడుతుంది, మనిషిని కాగ్ పంపిస్తారు. ఆ ఆడిటర్ నివేదిక వచ్చాక అరవై రోజుల్లోగా కాగ్ దాని మీద అదనపు తనిఖీ చేసి తన వ్యాఖ్య జతచెయ్యొచ్చు. ఆ వ్యాఖ్యతో సహా వార్షిక నివేదిక శాసనసభకు వెళ్లాలి. హట్టిలో కరిగించిన బంగారానికీ, శక్తినగర్ బొగ్గుకుప్పకూ ఈ రెండు వరసల కాపలా ఉంది.

ఇక్కడికి దగ్గర్లోనే మస్కి ఉంది. 1915లో ఇంజనీరు బీడన్‌కు అక్కడి బండ మీద దొరికిన శాసనంలో అశోకుడి పేరు స్పష్టంగా కనబడింది. తాను మొదట్లో ధర్మం విషయంలో అంత గట్టిగా పూనుకోలేదని చక్రవర్తి తనంత తానే ఒప్పుకున్న శాసనం అది. పాలకుడు జనానికి చదువుకోవడానికి తన సంగతి రాతి మీద చెక్కించడం గొప్పే. అయితే ఎంత మంచి రాజైనా తన లెక్క తానే రాసుకుంటే అది ఆడిట్ అనిపించుకోదు. రెండో సగంలో రాసే చెయ్యి వేరుగా ఉండాలి.

రాయచూరు మార్కెట్ యార్డులో పత్తి, ధాన్యం అమ్మే రైతుకు మునీం అంటే ఎవరో తెలుసు. అడ్తి దుకాణంలో లెక్క రాసేవాడు. యజమాని చెప్పింది రాస్తాడు, తక్‌పట్టీ చీటీ చించి ఇస్తాడు, ధర న్యాయమా అన్యాయమా అన్నది ఆయన పని కాదు. కాగ్ ఉన్నది కూడికలు, తీసివేతలు సరిచూడ్డానికే, ప్రభుత్వ విధానం ఎంత సమర్థంగా అమలైందో చూసే అధికారం లేదని అరవింద్ గుప్తా అనే ఆయన 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ పిటిషన్ కొట్టేస్తూ కోర్టు వాడిన మాట సరిగ్గా ఇదే, కాగ్ మునీం కాదు. బజారు భాషలోంచి తీసిన ఆ ఒక్క మాటతో పెద్ద తగువు తీరిపోయింది.

ఈ పనిని ఇంత మెచ్చుకుంటున్నాను గనక దానికి పడిన మచ్చలనూ దాచను. 2010 నాటి 2జీ స్పెక్ట్రమ్ నివేదికలో నష్టానికి వేర్వేరు పద్ధతుల్లో వేర్వేరు అంచనాలు ఇచ్చారు. దేశానికి గుర్తుండిపోయింది మాత్రం అన్నిటికన్నా పెద్దదైన 1.76 లక్షల కోట్ల అంకె ఒక్కటే. 2012లో సుప్రీంకోర్టు 122 టెలికాం లైసెన్సులను రద్దు చేసింది కాబట్టి నివేదిక వేలు చూపిన చోటు తప్పు కాదు. కానీ 2017 డిసెంబర్‌లో విచారణ కోర్టు నిందితులందర్నీ విడిచిపెట్టినప్పుడు ఆ పెద్ద అంకె కాగ్ మెడకే చుట్టుకుంది. నల్లరేగడికి రాతి రేటు కట్టారని చెప్పే చిన్న పేరాకు ఈ ప్రమాదం లేదు. అంకె కాగితానికి ఎంత దగ్గరగా ఉంటే అంత కాలం బతుకుతుందని నా నమ్మకం.

ఇంకో మచ్చ పదవి దిగాక ఉద్యోగం వద్దన్న నిబంధన మీద పడింది. టి.ఎన్. చతుర్వేది కాగ్‌గా ఉన్నప్పుడు 1989 జులైలో బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలు మీద నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. దాన్ని పట్టుకుని ప్రతిపక్ష సభ్యులు లోక్‌సభకు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. ఆ సభలో అతిపెద్ద ప్రతిపక్షం మన తెలుగుదేశమే. ఆ చతుర్వేదే తర్వాత బీజేపీ తరఫున రాజ్యసభకు వెళ్లి, 2002 నుంచి 2007 వరకు కర్ణాటక గవర్నరుగా ఉన్నారు. 151వ అధికరణ ప్రకారం రాష్ట్ర ఆడిట్ నివేదికలు అందుకునేది గవర్నరే. చట్టం దృష్టిలో ఇందులో తప్పేమీ లేదు. గవర్నర్ పదవి కేంద్ర ప్రభుత్వం కింద ఉద్యోగం కాదని 1979లోనే హరగోవింద్ పంత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా కేంద్రం ఇచ్చే ఏ కుర్చీ అయినా కుర్చీయే. రాజ్యాంగం వేసిన గడియకు ఈ సందు మిగిలిపోయింది, దాన్ని మూసెయ్యాలి.

ఎంపిక సంగతి ఇంకా ముఖ్యం. 2024 నవంబర్ నుంచి కాగ్‌గా ఉన్న కె. సంజయ్ మూర్తి కోనసీమ బిడ్డ, అమలాపురం మాజీ ఎంపీ కుసుమ కృష్ణమూర్తి కుమారుడు. తెలుగువాళ్లుగా మనం సంతోషిస్తూనే, ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో ప్రభుత్వం ఒక్కటే తేల్చడం తగునా అని అడగాలి. లెక్క చెప్పాల్సినవాడే లెక్క అడిగేవాణ్ణి ఎంచుకుంటున్నాడు. బ్రిటన్‌లో 1983 చట్టం తర్వాత ఆ పదవికి ప్రధాని పేరు ప్రతిపాదించాలంటే పబ్లిక్ అకౌంట్స్ కమిటీ అధ్యక్షుడు ఒప్పుకోవాలి, నియమితుడు కామన్స్ సభకు చెందిన అధికారి అవుతాడు. మన దగ్గర ఎంపికకు స్వతంత్ర కమిటీ ఉండాలన్న పిటిషన్ మీద 2025 మార్చిలో సుప్రీంకోర్టు కేంద్రానికి నోటీసు ఇచ్చింది. కాగ్ పనితీరును బయటివాళ్లు పరీక్షించడం కొత్తేమీ కాదు. 2012లో ఆస్ట్రేలియా జాతీయ ఆడిట్ కార్యాలయం నాయకత్వంలో విదేశీ ఆడిటర్లు వచ్చి కాగ్ కార్యాలయాన్నే తనిఖీ చేశారు. తలుపు తెరిచి పని చూపించినవాళ్లకు ఎంపిక కూడా నలుగురి ఎదుట జరిగితే గౌరవం పెరుగుతుందే గానీ తరగదు.

నివేదిక గవర్నరుకు చేరాక దాన్ని శాసనసభ ముందు పెట్టించాలని రాజ్యాంగం చెప్పింది, ఎన్నాళ్లలో అన్నది చెప్పలేదు. ఢిల్లీలో పద్నాలుగు నివేదికలు అలా మూలపడి ఉండి, ప్రభుత్వం మారాక 2025 ఫిబ్రవరి నుంచి గానీ సభ ముందుకు రావడం మొదలుపెట్టలేదు. అంత జాగ్రత్తగా చెక్కిన పేరాకు ఇది అవమానం. గడువు రాయాల్సిందే.

ఇక ఊళ్ల సంగతి. 2006లో ఉపాధి హామీ పథకం మొదలైన తొలి 200 జిల్లాల్లో రాయచూరు ఒకటి. అదే ఏడాది ఫిబ్రవరి 2న మా పొరుగు రాష్ట్రంలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకాన్ని ప్రారంభించారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీని ఒక పద్ధతిగా నిలబెట్టి దేశానికి చూపించింది. మస్టర్ రోల్ తీసి గ్రామసభలో పేరుపేరునా చదువుతారు. నువ్వు ఈ వారం పనికి వచ్చావా, ఎంత ముట్టింది అని అడుగుతారు. మనిషి లేచి, నేను ఆ నెలంతా బెంగళూరులో ఉన్నాను అంటే అదే ఆడిట్ పేరా. 2011లో కాగ్‌ను సంప్రదించి కేంద్రం చేసిన నియమాలు ప్రతి పంచాయతీలో ఆరు నెలలకోసారి ఈ తనిఖీ జరగాలని, పని చేయించినవాళ్లు దాన్ని నడపకూడదని, ఏడాదిలో తేలిన విషయాల సారాంశాన్ని రాష్ట్రం కాగ్‌కు పంపాలని చెప్పాయి. కాగ్ దగ్గర నేర్చుకోగలిగినంత నిగ్రహం, పద్ధతి ఉన్నాయి. గ్రామసభలో లేచి నిలబడిన కూలీ దగ్గర ఏ వోచరులోనూ దొరకని సాక్ష్యం ఉంది. ఈ రెండూ ఒకే చట్టంలో కలిసిన చోటు ఆ నియమం.

కాగ్‌కు జైలు లేదు, జరిమానా లేదు. ఉన్నది పేరా ఒక్కటే. దాన్ని చదివి విచారించాల్సింది శాసనసభ పబ్లిక్ అకౌంట్స్ కమిటీ, ప్రభుత్వ సంస్థలైతే వాటికో కమిటీ. వాటిని కదిలించాల్సింది మనం. నివేదికలన్నీ కాగ్ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. ఈసారి కర్ణాటక నివేదిక సభ ముందుకొచ్చిన రోజున దాన్ని తెరిచి రాయచూరు, సింధనూరు, మాన్వి, దేవదుర్గ, లింగసుగూరు అన్న పేర్లు వెతకండి. మీ ఊరి కాలువో, బడో, రోడ్డో కనబడితే ఆ పేరా మొత్తం చదవండి, శాఖ చెప్పిన జవాబు కూడా చదవండి. తర్వాత మీ ఎమ్మెల్యేను కలిసి, ఈ పేరా మీద కమిటీ ఏం తేల్చిందని అడగండి. ఆయన చెప్పింది తేదీ వేసి రాసుకోండి.